ఖాళీ గడి నింపినందుకు

మార్కెట్ సర్వే పనిల కొత్తగ చేరేటోళ్లకు ఆఫీసుల మూడు రోజులు శిక్షణ ఇస్తరు. ట్యాబు ఎట్ల తెరవాలె, ఏ ప్రశ్న తరువాత ఏది అడగాలె, తలుపు తీసినోళ్లతోటి ముందుగాల ఏం మాట్లాడాలె, అన్నీ చెప్తరు. నాకు కూడా చెప్పిన్రు. అవి నేర్చుకోవాల్సినవే. గని ఒక్క సంగతి మాత్రం ఎవ్వరూ చెప్పలే. మనకు జవాబు చెప్పే మనిషి, చెప్పినంక కూడా అదే ఇంట్ల, అదే గదిల, అదే ముదీర్ కింద, అంటే అదే యజమాని కింద బతకాలె. మనం ట్యాబు మూసి లిఫ్టు దిగిపోతం. ఆ మనిషి అక్కడనే ఉంటది.

ఇది నాకు తెలిసొచ్చేసరికి సత్యవతి అనే ఒక గోదావరి ఆడమనిషి ఉద్యోగం నా వల్ల పోయేదాక వచ్చింది. ఉద్యోగంతోటి పాటు పేరు కూడా. షార్జాల, అల్ నహ్దాల ఒక తెలుగోళ్ల ఇంట్ల ఆమె పనిచేసేది. ఆ కథే ఇక్కడ రాస్తున్న. మధ్యల ఈ పని గురించి నాకు తోచినవి కూడా చెప్త. ఈ పనిల దిగే తమ్ముండ్లు, చెల్లెండ్లు చదువుకుంటే చాలు.

తాపీ ఇడిచి ట్యాబు పట్టుడు

నాది జగిత్యాల దిక్కు. దుబాయ్‌ల ఇరవై ఏండ్లకు పైన సుతారి పని చేసిన. గోడలు కట్టుడు, టైల్స్ ఏసుడు. అల్ ఖూజ్ క్యాంపుల ఎనిమిది మంది గదిల ఉండెటోన్ని. చదువు లేకుండె. ఒకసారి సైటు మీద ఏదో కాయితం పెట్టి వేలిముద్ర ఏయించుకున్నరు. నెల తరువాత తెలిసింది, ఆ ఏడాది సెలవు అడగనని నేను ఒప్పుకున్న కాయితం అదని. ఆ కోపంతోటే నలభై మూడో ఏట అక్షరాలు నేర్చిన.

నేర్పినోడు మా గదిల ఉండే రాజన్న. క్రేన్ కింద నిలబడి చెయ్యి చూపే పని ఆయనది. నాకన్న పదేండ్లు చిన్నోడు. టైల్స్ వచ్చిన అట్టపెట్టెలు చింపుకొచ్చి వాటి మీద గడులు గీసి రాయించేటోడు. తెలుగు అయినంక ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్పిండు. ఒక్క గడి వదిలిపెడితే గదిల అందరి ముందట గెలికేటోడు, "ఏందన్నా, ఈడ గోడ కట్టుడు మర్సిపోయినవా" అని. అందరూ నవ్వెటోళ్లు.

అప్పటి సంది క్లినిక్కుల, బ్యాంకుల ఏ ఫారం ఇచ్చినా ఒక్క గడి కూడా వదిలెటోన్ని కాదు నేను. ఖాళీ గడి కనవడితే చాలు, మళ్ల ఎవరో నా వేలు పట్టుకొని సిరాల ముంచినట్టు అనిపించేది. చదువుకున్నోళ్లకు ఈ బాధ తెల్వదు. వాళ్లు సగం ఫారం నింపి పడేసి పోతరు, ఎవ్వరూ వాళ్లను అనుమానించరు. నాసొంటోడు వదిలిపెడితే చదువు రాదనుకుంటరు.

2020ల కరోనా వచ్చి సైట్లు బందయినయి, క్యాంపు గేటు మూసిన్రు. ఆ రోజులల్లనే ఒక సర్వే కంపెనీకి, క్యాంపులల్ల ఉన్నోళ్లకు ఫోన్లు చేసి తెలుగుల, హిందీల మాట్లాడేటోళ్లు కావాల్సొచ్చిన్రు. ఖాలిద్ సాబ్ అక్కడ సూపర్‌వైజర్. హైదరాబాద్ మనిషి, తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుతడు. అంతకుముందు మా క్యాంపుకు ఏదో చెప్పుల సర్వే మీద వచ్చినప్పుడు గదిల అందరినీ కూసోబెట్టి జవాబులు చెప్పించింది నేనే. అది యాదికి పెట్టుకొని ఫోన్ చేసిండు. "ఏం మియా, గదిల మాట్లాడినట్టే ఫోన్ల మాట్లాడతవా" అన్నడు. పని లేక మంచం మీద గోడ దిక్కు చూసుకుంట పండుకున్న మనిషిని. మాట్లాడతనన్న.

మొదటి వారంల రాస్ అల్ ఖైమాల క్వారీ పని చేసే పోశన్నకు ఫోన్ చేసిన. మన దిక్కోడే. బట్టల సబ్బు మీద పన్నెండు ప్రశ్నలు. అన్నింటికీ చెప్పిండు. అయిపోయినయి, మంచిదే అన్న.

"ఇగ అడగవా?"

"లేవన్నా, అయిపోయినయి."

"సబ్బు కాకపోతే ఇంకోటి అడుగు."

ఆయన గదిల ఉన్నోళ్లకు జరమొస్తే అందరినీ ఎక్కడికో తీసుకపోయిన్రట. ఆయనొక్కడే మిగిలిండు. ప్లేటు తలుపు బయట పెట్టి పోతున్నరు. తొమ్మిది రోజుల సంది ఆయనను పేరు పెట్టి పిలిచినోడు లేడు. నేను ఫారంల చూసి పోశన్నా అని పిలిచిన. ఇగ సబ్బు పక్కకు పెట్టి ఇద్దరం వాళ్ల ఊరి బర్లు, మా ఊరి బర్లు, ఎవరి దిక్కు సర్వపిండి మంచిగ చేస్తరు, ఇవన్నీ మాట్లాడుకున్నం. మరుసటి రోజు ఖాలిద్ సాబ్ అడిగిండు, పన్నెండు ప్రశ్నలకు నలభై నిమిషాలేంది, ఆ సబ్బుతోటి స్నానం కూడా చేయించి వచ్చినవా అని.

మనుషులు ఎందుకు జవాబు చెప్తరని శిక్షణల అడిగితే గిఫ్టు కూపన్ అంటరు. కూపన్ కూడా కావాలె, వాళ్ల టైము ఊరికే తీసుకోవద్దు. గని పోశన్నకు నేను ఏ కూపన్ ఇయ్యలే. సబ్బు ఎట్లుందని అడిగేటోడొకడు దొరికిండని ఆయన చెప్పిండు.

తలుపుల కాడ

గేట్లు తెరిచినంక మమ్మల్ని ఇండ్లకు పంపిన్రు. నాకు అల్ నహ్దా వచ్చింది. ఆ రెండేండ్లు నా బతుకుల మంచి ఏండ్లని ఇప్పుడు అనిపిస్తది. మూతికి మాస్కు, మెడల కార్డు, చేతిల ట్యాబు, దాని కింద తెలుగుల రాసిన ప్రశ్నల కాయితం. లిఫ్టు తలుపు తెరుచుకోంగనే ఒక్కో అంతస్తు ఒక్కో వాసన వచ్చేది. ఒక కాడ చేపల పులుసు, ఒక కాడ అగరుబత్తి, ఒక కాడ కొబ్బరినూనె. మూడో అంతస్తుల పాప ఎక్కం చదివేది, ఏడో అంతస్తు దాక వినవడేది. నేను కట్టిన బిల్డింగుల లోపలికి పోయి మనుషులు ఎట్ల బతుకుతున్నరో చూసుడు అదే మొదలు. సుతారి గోడ కట్టి వెళ్లిపోతడు, ఆ గోడకు ఏ దేవుని పటం పెట్టుకున్నరో చూడడు. నేను చూసిన.

తప్పులు కూడా అక్కడనే చేసిన. మొదట్ల అందరికీ పదే నిమిషాలమ్మా అనెటోన్ని. అట్లనే చెప్పాలని శిక్షణల చెప్పిన్రు. ఫారం ముప్పై అయిదు నిమిషాలు పట్టేది. ఒకామె పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి పది నిమిషాలే గదా అని నిలబడ్డది. నేను ఇరవై రెండో ప్రశ్న కాడ ఉండంగ మాడు వాసన వచ్చింది. లోపలికి ఉరికి, మాడిన గిన్నె పట్టకారుతోటి పట్టుకొచ్చి నా ముందట పెట్టింది. "ఇదిగో, దీన్ని కూడా ఫొటో కొట్టి మీ ఆఫీసుకు పంపు" అన్నది. ఆనాటి సంది ఉన్న టైము ఉన్నట్టు చెప్పిన. సగం మంది తలుపేసేటోళ్లు. తలుపెయ్యనోళ్లు కుదురుగ కూసొని చెప్పెటోళ్లు. ఆ సగమే నయం.

ఇంకోసారి కొత్త చాయ్‌పత్తి పొట్లాలు మా క్యాంపుల పంచిన. వారం తాగి ఎట్లుందో చెప్పాలె. గదులు గదులు అందరూ మస్తుందన్నరు. ఆఫీసుల సంబరపడ్డరు. శుక్రవారం రాజన్న నాతోటి అన్నడు, అది ఎండిన గడ్డి తీరున్నదని.

"మరి ఫారంల మస్తుందని చెప్తివి గదరా?"

"నువ్వు గది దాక మోసుకొచ్చి చేతిల పెట్టినవన్నా. ఇచ్చినోని మొఖం మీదనే బాగలేదంటరా ఎవరన్న?"

మనోళ్ల మర్యాద అది. ఇచ్చిన చెయ్యి ఎదురుంగ ఉంటే ఇచ్చిన వస్తువును ఎవ్వరూ తిట్టరు. మళ్ల గదులన్నీ తిరిగి, ఇది నేను చేసింది కాదు, బాగలేదన్నోనికే ఈసారి నేను చాయ్ తాపిస్త అన్న. అప్పుడు బయటికొచ్చినయి తిట్లు. ఆఫీసుకు ఆ తిట్లే పనికొచ్చినయి.

ఇవి చిన్న తప్పులు. నవ్వుకుంట చెప్పుకోవచ్చు. సత్యవతి సంగతి అట్లాంటిది కాదు.

సత్యవతి

2022, ఎండలు తగ్గుతున్న రోజులు. బట్టల పౌడరు సర్వే. ఒక ఫ్లాటు గంట కొడితే నలభై అయిదేండ్ల మనిషి తలుపు తీసింది. తెలుగు వినంగనే మొఖం విప్పారింది. మేడమ్ స్కూల్లో టీచరండి, సార్ ఆఫీసుకెళ్లారండి, నేను పనిచేసేదాన్నండి అన్నది. లోపలికి రానియ్యలే. అది పద్ధతే. ఒక స్టూలు తెచ్చి గుమ్మం బయట ఏసింది, తను గుమ్మం లోపల కింద కూసున్నది.

ఏ పౌడరు కొనాలో ఈ ఇంట్ల ఎవరు చెప్తరని అడిగిన. నేనేనండి అన్నది. మేడమ్‌కు పౌడరు పేరు కూడా తెల్వదు, అయిపోతే సత్యవతి చెప్తది, మేడమ్ ఆర్డర్ పెడతది. ఇగ ఆమె చెప్పుడు మొదలు పెట్టింది. అంత మంచి జవాబు నాకు ఆ సర్వేల ఇంకెవ్వరూ చెప్పలే. లోపలికి పోయి మగ్గుల నీళ్లు, రెండు రకాల పౌడరు పట్టుకొచ్చింది. "ఇదిగో చూడండి బాబాయి గారూ, నురగ ఎక్కువొస్తే మంచి సరుకనుకుంటారు. ఆయ్, నురగ ఒట్టి ఆర్భాటమండి. రెండు బకెట్లు ఎక్కువ నీళ్లు దండగ" అన్నది. నల్లబట్ట మీద తెల్లరవ్వ మిగులుతదా లేదా, చేతికి దురద వస్తదా, ఏసీ గదిల ఆరేసిన బట్టకు ముక్కిన వాసన ఎన్నో రోజు పడతది, అన్నీ చెప్పింది. మధ్యల ఒకసారి ఆగి నవ్వింది. "తొమ్మిదేళ్లయిందండి ఈ దేశమొచ్చి. ఇది ఉతుకు, అది ఉతుకు అన్నవాళ్లే కానీ, ఎలా ఉందమ్మా అని అడిగినవాళ్లు లేరండి."

ఇప్పుడు నా తప్పు చెప్త. రెండు తప్పులు.

ఫారంల ఒక గడి ఉంటది, ఇంటి యజమానికి మీరేమైతరు అని. అక్కడ పనిమనిషి అని నొక్కితే ట్యాబుల ఫారం అక్కడికే మూసుకుంటది. ఆమె చెప్పిందంతా పోతది. ఇంత మంచి జవాబు పోవుడేందని నేను భార్య అని నొక్కిన. ఆమెకు చెప్పలే. అది ఒకటి.

చివరి పేజీల ఇంటి సంగతులు అడుగుతరు. కార్లెన్ని, సార్ ఏ పని, నెల ఆదాయం ఏ రెండు అంకెల మధ్య. కార్ల కాడనే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అవి నా నోటితో చెప్పకూడదండి. ఇంటి గుట్టు. రాయకండి బాబాయి గారూ."

"సరేనమ్మా, రాయను" అన్న.

చెప్పలేదు అని నొక్కటానికి కూడా ఒక గడి ఉన్నది. అది నొక్కితే అయిపోయేది. గని అప్పటికే భార్య అని పెట్టిన, కట్టుకున్న పెండ్లాం మొగని కార్ల సంగతి చెప్పదా అని ఆఫీసుల అడుగుతరు. పైగ చెప్పలేదు అన్న గడులు ఎక్కువైతే ఖాలిద్ సాబ్ మొఖం మాడ్చుకునేటోడు. ఇవన్నీ సాకులు. అసలు సంగతి నేను పైన చెప్పిందే. నాకు గడి ఖాళీ ఉంటే చెయ్యి ఆగదు. లిఫ్టు కాడ నిలబడి ఆ మూడు గడులూ నేనే నింపిన. తెరిచిన తలుపులకెల్లి కనవడ్డ టైల్స్, గోడకు తగిలించిన తాళాలు, పిల్లల స్కూలు బ్యాగుల మీది ముద్ర చూసి అంచనా కట్టిన. ఇరవై ఏండ్లు బిల్డింగులు కట్టినోన్ని, ఏ ఫ్లాటుల ఎసొంటోళ్లు ఉంటరో నాకు తెల్వదా అనుకున్న. గర్వంగనే నింపిన.

ఫోన్

సర్వే నిజంగ జరిగిందా లేదా అని చూడటానికి ఆఫీసు నుంచి కొందరికి ఫోన్ చేస్తరు. అది మంచి పద్ధతే. సత్యవతి నెంబరుకు శనివారం ఫోన్ పోయింది. ఆమె చేతులు చపాతి పిండిల ఉన్నయి. స్కూలు లేదు కనుక మేడమ్ ఇంట్లనే ఉన్నది. ఎవరో చూడండి మేడమ్ అంటే ఆమె ఎత్తింది. అవతలి పిల్ల ఎవరని అడగకుండ చదువుకుంట పోయింది. మీరు సత్యవతి గదా, మీ భర్త ఫలానా ఉద్యోగం, రెండు కార్లు, నెల ఆదాయం ఇంత నుంచి ఇంత అని చెప్పిన్రు, సరైందేనా అని.

ఇంట్ల పనిచేసే మనిషి తన మొగన్ని తన మొగడని బయట చెప్పుకున్నదని మేడమ్ విన్నది. తన ఇంటి ఆదాయం కూడా విన్నది. నా కర్మకు ఆ అంచనా ఒక్క పిసరు కూడా తప్పలే. తప్పయి ఉంటే ఎవరో పిచ్చోళ్లని ఫోన్ పెట్టేసేది. సరిపోయేసరికి ఇంట్ల మనిషి చెప్పకుండ బయటికెట్ల పోతదని పట్టుకున్నది.

సత్యవతి వీసా ఆ ఇంటి పేరు మీదనే ఉండె. వాళ్లు క్యాన్సిల్ అంటే ఖలాస్, ఊరికి పోవుడే. గురువారానికి టికెట్ అన్నరు.

ఆదివారం పొద్దుగాల, సర్వే రోజు నేనిచ్చిన నెంబరుకు సత్యవతి ఫోన్ చేసింది. ఏడువలే. మీరేం రాశారండి అని అడిగింది. ఆఫీసుల ఏదో పొరపాటయి ఉంటదమ్మా, చూస్త అన్న.

"ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటానండి. చేతుల్లో పనుంది. కానీ సార్‌కి పెళ్లాన్నని చెప్పుకుంది, ఇంటి గుట్టు బయట పెట్టింది అని పంపిస్తే, రేపు నన్ను ఏ ఇంట్లో గుమ్మమెక్కనిస్తారండి? మా వాళ్లందరూ ఇలాంటి ఇళ్లల్లోనే చేస్తారు బాబాయి గారూ. ఒక ఇంట్లో మాట ఇంకో ఇంటికి ఎంతసేపండి."

ఆ రోజంతా నేను ఏం చెయ్యలే. మరుసటి రోజు కూడా చెయ్యలే. ఇది కూడా రాయాలె. రెండు రోజులు ట్యాబు పట్టుకొని వేరే బిల్డింగులల్ల తలుపులు కొట్టుకుంట తిరిగిన, అదే సర్దుకుంటది అన్నట్టు.

ఖాలిద్ సాబ్

మంగళవారం ఆఫీసుకు పోయిన. ఖాలిద్ సాబ్ చెడ్డ మనిషి కాదు. మంచం మీద పడి ఉన్నోన్ని లేపి పని ఇచ్చిండు, ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాకపోతే కూసోబెట్టి చెప్పిండు. ఆయనకు ఫోన్ సంగతి చెప్పిన. తల పట్టుకున్నడు. ఆఫీసు నుంచి ఒక లెటర్ పంపుదాం అని అప్పటికప్పుడు టైపు చేయించిండు. నేను చదివిన. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అని ఉన్నది. ఆమె చెప్పలేదు అన్న మాట అందుల లేదు.

ఇది చాలదు సాబ్ అన్న. అప్పుడు అసలు సంగతి చెప్పిన. ఆమె రాయొద్దన్నదని, నేనే నింపినని, ఆ ఇంటికి పోయి అదే చెప్తనని.

ఆయన కుర్చీల వెనుకకు ఒరిగిండు. అట్ల సొంతంగ నింపుడు ఈ పనిల దొంగతనం కిందికే లెక్క. ఒక్క ఫారం అట్లాంటిదని బయటపడ్డా ఆ మనిషి చేసిన ఫారాలన్నీ పక్కకు పెడతరు.

"పోయినవనుకో, ఈ సర్వేల నీ ఆరు వారాల పని మట్టిల కలుస్తది మియా. మన టీం మొత్తం మీద మచ్చ. ఇజ్జత్ పోతది."

"ఆమెది పోతున్నది గద సాబ్."

ఆయన చాయ్ కప్పు పక్కకు జరిపిండు. అప్పుడు మెల్లగ అడిగిండు.

"ఇదొక్కటేనా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవ్వరికీ తెల్వకపోయేది.

"కాదు సాబ్. చెప్పనన్నోళ్ల గడులు మస్తు నింపిన."

ఆయన నా చేతిల నుంచి ట్యాబు తీసుకొని బల్ల సొరుగుల పెట్టిండు. తిట్టలే. నీ అసొంటోడు నింపిండంటే తప్పు నాది కూడా ఉన్నది, చెప్పలేదు అన్న గడి చూసి మొఖం మాడ్చుకున్నది నేనే గదా అన్నడు. పో, పోయి చెప్పు అన్నడు.

ఈ రోజులల్ల సూపర్‌వైజర్లు అయ్యేటోళ్లు ఈ మాట యాది పెట్టుకోన్రి. ఖాళీ గడి తెచ్చిన మనిషిని గద్దిస్తే, రేపు మీకు నిండుగ ఉన్న అబద్ధం తెస్తడు.

ఆ గుమ్మం లోపల

బుధవారం సాయంత్రం పోయిన. మేడమ్ తలుపు తీసింది. నన్ను చూడంగనే ఎవరో అర్థమయింది. లోపలికి రమ్మన్నది, కూసోమనలే. హాలు మూలకు సత్యవతి పెట్టె సర్దిపెట్టి ఉన్నది. సత్యవతి వంటింటి తలుపు కాడ నిలబడ్డది.

నిలబడే చెప్పిన. మీ ఇంటి సంగతి ఒక్కటి కూడా ఈమె నోటి నుంచి రాలేదమ్మా. చెప్పనన్నది, రాయొద్దన్నది. నేను సరే అని బయటికి పోయి నింపిన. భార్య అని పెట్టింది కూడా నేనే, ఫారం మూసుకపోవద్దని. ఆమెకు తెల్వదు.

మేడమ్ నమ్మలే. నమ్మకపోవుడే న్యాయం, నేను కూడా నమ్మకపోదును.

"ఆవిడని కాపాడదామని వచ్చారు, బానే ఉంది. మరి మా ఇంటి ఆదాయం మీకు కల్లో వచ్చిందా?"

"రాలేదమ్మా. నేను సుతారిని. చూసి రాసిన."

"ఏం చూసి?"

చెప్పిన. కింద ఏసిన టైల్ ఎసొంటిదో, ఈ వరుసల ఫ్లాట్లకే అది ఎందుకేస్తరో, అందుకని కిరాయి ఎంతుంటదో. బాల్కనీ అద్దం, ఏసీ డబ్బా ఎసొంటివో. గోడకు రెండు కారు తాళాలు, ఒక దానికి కంపెనీ బిళ్ల. బ్యాగుల మీద స్కూలు ముద్ర, ఆ స్కూలు గోడకు నేను రాళ్లు కూడా పేర్చిన. అన్నీ కలిపితే ఎంతొస్తదో అంత రాసిన అన్న. నేను చెప్పుకుంట పోతుంటే ఆమె కండ్లు ఆ వస్తువుల మీద ఒకదాని తరువాత ఒకటి పోతున్నయి. తన ఇల్లే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. చివరికి సోఫా మీద కూసున్నది.

నా కట్టుడు పని గురించి నేను సిగ్గుపడ్డది ఆ ఒక్క రోజే. అంత తెలిసిన కండ్లతోటి ఎవరి ఇల్లు దోచిన్నో అప్పుడర్థమయింది.

మేడమ్ సత్యవతి దిక్కు తిరిగింది.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"చెప్పానండి మేడమ్. శనివారం చెప్పానండి, ఆదివారం చెప్పానండి, నిన్న అంట్లు తోముతూ కూడా చెప్పానండి."

ఆమె గొంతు పెంచలే. మేడమ్ లేచి, మూలకున్న పెట్టెను తానే పట్టుకొని సత్యవతి పండుకునే గదిల పెట్టి వచ్చింది. గురువారం సంగతి ఇంక ఎత్తలే. నాకు మాత్రం వెళ్లిరండి అన్నది. అంతకన్న మంచి మాట నేను అడిగేది కూడా లేదు.

లిఫ్టు కోసం నిలబడ్డ. సత్యవతి చెత్త సంచి పట్టుకొని బయటికొచ్చింది, అక్కడనే చెత్త ఏసే గది ఉంటది. సంచి ఏసి నా ముందట నిలబడ్డది. ఏదన్న మంచిమాట అంటదేమో అనుకున్న. మనిషికి ఆశ ఉంటది గదా.

"మీరొచ్చి చెప్పారు, మంచిదేనండి. రాకపోతే రేపీపాటికి నేను ఏరోడ్రోములో ఉందును. కానీ రాయకండి అన్నాను కదండీ. మీరు సరే అన్నారు కదండీ."

"అవును బిడ్డా, అన్న."

"తొమ్మిదేళ్లకి ఒకరు కూర్చుని అడిగారని నేను అన్నీ చెప్పేశానండి. ఇంక ఎవరడిగినా చెప్పనండి. మీరు గానీ, మీవాళ్లు గానీ ఈ తలుపు కొట్టకండి బాబాయి గారూ."

లోపలికి పోయి తలుపేసుకున్నది. గట్టిగ కాదు, మామూలుగనే.

తరువాత

నా ఆరు వారాల ఫారాలు తీసేసిన్రు. ఇంకొకరు మళ్ల తిరిగి చేసిన్రు. నన్ను మళ్ల తలుపుల కాడికి పంపలే. పని నుంచి కూడా తీసెయ్యలే. ఆఫీసుల కూసోబెట్టి, చెక్ చేసే ఫోన్లు వినే పని ఇచ్చిన్రు. ఫోన్ ఎత్తినోళ్లు జవాబు చెప్పిన మనిషేనా కాదా అని తెలుసుకోకుండ ఒక్క ముక్క కూడా చదవొద్దని అక్కడి పిల్లలకు నేనే చెప్పెటోన్ని. 2024ల అరవై నిండినయి, వీసా అయిపోయింది, ఊరికొచ్చిన. ఇక్కడ తలుపు గంటలు లేవు. బయటినుంచే పిలుస్తరు. అల్ నహ్దాల ఆ వరండాలు, ఆ వాసనలు, "ఎవరండీ" అని లోపలికెల్లి వచ్చే గొంతులు యాదికొస్తుంటయి. ఏ గొంతు కూడా నేను ఎవరో తెలిసి తలుపు తీయలే. అయినా తీసిన్రు. అదొక్కటే ఈ పనికి పెట్టుబడి, మనం తెచ్చింది కాదు, వాళ్లు పెట్టింది.

ఆ బుధవారం మరునాడు ఆఫీసుకు పోయి ఖాలిద్ సాబ్‌ను ఒకటి అడిగిన. పోకూడని ఇండ్ల జాబితా అని ట్యాబులల్ల ఒకటి ఉంటది, ఆ ఫ్లాటు నెంబరు అందుల పెట్టుమని. పెట్టిండు. ఆ జాబితా ఏడాదికొకసారి కొత్తగ చేస్తరు, పాతవి కొట్టుకపోతయి. అందుకని నేను అక్కడ పనిచేసినన్ని రోజులు నెలకొకసారి తెరిచి చూసెటోన్ని. రెండుసార్లు పోయింది. రెండుసార్లూ మళ్ల రాయించిన. నేను వచ్చేటప్పుడు నా కుర్చీల కూసునే పిల్లకు ఆ నెంబరు చూపించి, ఇది పోనియ్యకు బిడ్డా అన్న. ఎందుకని అడిగింది. కూసో, చెప్త అన్న.